రబ్బరు రసాయనం ఎలుక ఒంట్లో ఎటు పోతుంది? శోషణ, జీవక్రియ అధ్యయనం మొదటి నుంచి చివరి దాకా

"డోస్ ఇచ్చాం, మూత్రం పట్టాం, మలం పట్టాం. లెక్క మాత్రం నూటికి డెబ్బై దగ్గరే ఆగిపోతోంది. ఎక్కడ తప్పు చేశాం?" రబ్బరు రసాయనాల మీద పని మొదలుపెట్టిన జూనియర్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు ఆ తప్పు డోస్ ఇచ్చిన రోజున జరిగి ఉండదు. అంతకు ఎన్నో వారాల ముందు, లేబుల్ చేసిన (ఎటు పోయిందో తెలియడానికి రేడియోధార్మిక పరమాణువు పెట్టిన) రసాయనానికి ఆర్డర్ పెట్టిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

రబ్బరు యాక్సిలరేటర్లలో (వల్కనైజేషన్‌ను, అంటే సల్ఫర్‌తో రబ్బరును గట్టిపరచడాన్ని వేగం చేసే రసాయనాల్లో) ఎక్కువ భాగం తెగిపోవడానికే తయారైన అణువులు. వల్కనైజేషన్ వేడికి వాటిలోని సల్ఫర్-సల్ఫర్, సల్ఫర్-నైట్రోజన్ బంధాలు తెగాలి, అప్పుడే అవి పని చేస్తాయి. ఒంట్లోకి వెళ్లాక కూడా ముందు తెగేవి ఆ బంధాలే. కాబట్టి "ఈ రసాయనం ఎంత శోషణ అయింది?" అనేది సగం ప్రశ్నే. "ఏ ముక్క ఎటు వెళ్లింది?" అన్నది కూడా అడగాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ రెండో ప్రశ్న కోసమే.

ఈ వ్యాసంలో ఎలుక అంటే ర్యాట్, చిట్టెలుక అంటే మౌస్. ఈ రెండింటినీ కలిపేస్తే ఈ రంగంలో పెద్ద పొరపాట్లే జరుగుతాయి. అవేమిటో చివర్లో చూద్దాం.

## 1. అణువు ఎక్కడ తెగుతుందో ముందు కాగితం మీద గీయండి

ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు రాయడానికి ముందే ఈ పని అయిపోవాలి. అణువు నిర్మాణం గీసి, బలహీనమైన బంధాల దగ్గర గీతలు పెట్టి, ప్రతి ముక్కకూ పేరు రాయండి. తరచుగా ఎదురయ్యేవి ఇవి:

- ఎంబీటీ (మెర్కాప్టోబెంజోథయజోల్): థయోల్ (సల్ఫర్-హైడ్రోజన్) గుంపు ఉన్న చిన్న అణువు. ఎక్కువ భాగం గ్లూకురోనైడ్ లాంటి సంయోగాలుగా (ఒంట్లోని మరో అణువు అంటుకున్న రూపాలుగా) మారి మూత్రంలోకి వెళ్తుంది.
- ఎంబీటీఎస్: రెండు ఎంబీటీలు డైసల్ఫైడ్ బంధంతో కలిసి ఉన్న రూపం. ఎలుక ఒంట్లో ఇది క్షయకరణం చెంది ఎంబీటీగా మారుతుంది.
- సీబీఎస్ (సైక్లోహెక్సైల్ బెంజోథయజోల్ సల్ఫెనమైడ్): సల్ఫర్-నైట్రోజన్ బంధం తెగి ఒకవైపు ఎంబీటీ, మరోవైపు సైక్లోహెక్సైలమీన్ వస్తాయి. ఆ తర్వాత ఈ రెండింటి దారులు పూర్తిగా వేరు.
- థైరామ్, జింక్ డైథయోకార్బమేట్లు: ఒక అమీన్, దానితో పాటు కార్బన్ డైసల్ఫైడ్ వస్తాయి. రెండోది ఆవిరై ఊపిరితో బయటికి పోతుంది.
- ఫినైల్-2-నాఫ్తైలమీన్: ఫినైల్ గుంపు ఊడిపోతే మిగిలేది 2-నాఫ్తైలమీన్. మనుషుల్లో మూత్రాశయ క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. పరిమాణం తక్కువే అయినా తప్పకుండా వెతకాలి.
- 6పీపీడీ: టైర్లను ఓజోన్ నుంచి కాపాడే పదార్థం. ఓజోన్‌తో కలిస్తే 6పీపీడీ-క్వినోన్ అవుతుంది. 6పీపీడీ నీళ్లలో కూడా ఎక్కువసేపు నిలవదు. అంటే సీసాలో ఉన్నదీ ఎలుకకు అందిందీ ఒకటేనని ముందు నిరూపించుకోవాలి.

ఈ బొమ్మ పక్కనే నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోండి:

- ఆమ్లంలో నిలుస్తుందా? డైథయోకార్బమేట్లు నిలవవు, కడుపులోనే విడిపోవడం మొదలవుతుంది.
- గాలి తగిలితే మారుతుందా?
- ఏ ముక్క అయినా ఆవిరైపోతుందా?
- ఏ అవయవంలో పేరుకునే అవకాశం ఉంది? ఇథిలీన్ థయోయూరియాకు థైరాయిడ్, అనిలీన్ విడుదల చేసేవాటికి ప్లీహం, రక్తం.

## 2. లేబుల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

ఈ అధ్యయనం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఇక్కడ తొందరపడకండి.

సీబీఎస్‌ను తీసుకుందాం. కార్బన్-14ను బెంజోథయజోల్ వలయంలో పెడితే మీకు కనిపించేది ఎంబీటీ కథ మాత్రమే. సైక్లోహెక్సైల్ వలయంలో పెడితే కనిపించేది అమీన్ కథ. ఏ ఒక్కదానితో ఆపినా "సీబీఎస్ 24 గంటల్లో ఇంత శాతం బయటికి పోయింది" అని రాసే హక్కు మీకు ఉండదు. రెండు లేబుళ్లతో రెండు గుంపులు పెట్టండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఒక్క లేబుల్‌తో వచ్చిన సగం జవాబుకు జంతువులను బలిపెట్టడం అంతకంటే పెద్ద నష్టం.

థైరామ్‌లోనూ అంతే. థయోకార్బొనిల్ కార్బన్ మీద లేబుల్ ఉంటే కార్బన్ డైసల్ఫైడ్ కనిపిస్తుంది. అందులో కొంత ఆక్సీకరణ చెంది కార్బన్ డయాక్సైడ్‌గా కూడా వస్తుంది. మిథైల్ మీద ఉంటే డైమిథైలమీన్ దారి కనిపిస్తుంది.

ఐసోటోప్ ఎంపికకు నేను పాటించే వరుస ఇది:

1. వీలైతే కార్బన్-14, అదీ సులభంగా విడిపోని వలయంలో.
2. సల్ఫర్ ఎటు పోతుందన్నదే ప్రశ్న అయితే సల్ఫర్-35. దాని అర్ధాయువు సుమారు 87 రోజులు. కాబట్టి ప్రతి కొలతనూ తేదీ ప్రకారం సవరించాలి.
3. ట్రిషియం చివరి ప్రత్యామ్నాయం. వలయం మీద హైడ్రాక్సిలేషన్ (ఆక్సిజన్-హైడ్రోజన్ గుంపు చేరడం) జరిగితే ట్రిషియం ఊడి శరీరంలోని నీళ్లలో కలిసిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది నీటిని, రసాయనాన్ని కాదు.

ట్రిషియం తప్పనిసరి అయితే ఒక చిన్న పరీక్ష చేయండి. మూత్రం శాంపిల్‌ను రెండు భాగాలు చేసి, ఒకటి నేరుగా, మరొకటి పూర్తిగా ఆరబెట్టి మళ్లీ కరిగించి కౌంట్ చేయండి, అంటే రేడియోధార్మికతను కొలవండి. రెండో దానిలో కౌంట్ బాగా పడిపోతే లేబుల్ ఊడిపోతోందని అనుమానించాల్సిందే. ఆవిరయ్యే మెటబొలైట్ (ఒంట్లో రసాయనం మారి వచ్చిన రూపం) ఉన్నా ఇలాగే కనిపిస్తుంది కాబట్టి, ఎగిరిన ఆవిరిని చల్లబరిచి పట్టి అది నీరేనా అని చూడండి.

## 3. పదార్థం శుద్ధత, డోస్ ద్రవం

ఫ్యాక్టరీ గ్రేడ్ ఎంబీటీని అనిలీన్, కార్బన్ డైసల్ఫైడ్, సల్ఫర్‌ల నుంచి తయారుచేస్తారు. అందులో అనిలీన్, బెంజోథయజోల్ మలినాలుగా మిగిలి ఉండవచ్చు. ఆ సంగతి మరిచిపోతే మూత్రంలో కనిపించిన అనిలీన్ మెటబొలైట్‌ను ఎంబీటీ నుంచి వచ్చిందే అనుకుంటారు.

డోస్ ఇచ్చే రోజు ఉదయం:

- రేడియో రసాయన శుద్ధత 95 శాతానికి తగ్గకూడదు. సర్టిఫికెట్ మీద ఉన్న అంకె చాలదు, అదే రోజు హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని అణువులను విడదీసే పరికరం) మీద చూడండి.
- ద్రవం పై భాగం, మధ్య, అడుగు నుంచి మూడు శాంపిళ్లు తీసి కౌంట్ చేయండి. ఎంబీటీఎస్ లాంటివి సరిగా కరగవు, అడుగున చేరతాయి.
- కలపడం ఆపకుండానే సిరంజిలోకి తీయండి.
- డోస్‌కు ముందు, తర్వాత సిరంజి బరువు తూచండి. ఎలుకకు నిజంగా ఎంత వెళ్లిందో చెప్పేది ఆ తేడానే.
- డోసింగ్ మొత్తం అయ్యాక మిగిలిన ద్రవాన్ని మళ్లీ పరీక్షించండి.

ఎంబీటీ కరగడం లేదని క్షారం కలిపేవాళ్లను చూశాను. క్షారంలో అది సోడియం లవణంగా మారి చక్కగా కరుగుతుంది. కానీ అప్పుడు మీరు పరీక్షిస్తున్నది వేరే రూపాన్ని, దాని శోషణ వేగం కూడా మారుతుంది. మొక్కజొన్న నూనె గానీ, కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ సస్పెన్షన్ గానీ వాడి, ఏది వాడారో స్పష్టంగా రాయండి. డైథయోకార్బమేట్లను ఆమ్ల ద్రవంలో ఎప్పుడూ కలపవద్దు.

పరిమాణం విషయంలో నీటి ఆధారిత ద్రవాలకు కిలో శరీర బరువుకు 10 మిల్లీలీటర్లు, నూనె ఆధారితమైనవాటికి 4 మిల్లీలీటర్లు సాధారణంగా వాడే కొలత.

## 4. జంతువులు, గుంపులు, డోసులు

ఈ పనికి ప్రామాణిక చట్రం ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) టెస్ట్ గైడ్‌లైన్ 417. ఇప్పుడు వాడుకలో ఉన్నది 2010లో సవరించిన రూపం. దాని ప్రకారం ఒక్కో డోస్‌కు ఒకే లింగానికి చెందిన కనీసం 4 జంతువులు ఉండాలి, కనీసం రెండు డోసులు ఉంటే మంచిది. బరువుల్లో తేడా సగటుకు 20 శాతం అటూ ఇటూ మించకూడదు. 6 నుంచి 12 వారాల వయసు ఎలుకలు సరిపోతాయి.

చిన్న డోస్ విషప్రభావం చూపనిదై ఉండాలి. పెద్ద డోస్ దగ్గర జీవక్రియ నిండిపోతుందో లేదో తెలియాలి. రెండింటి ఏయూసీలను (రక్తంలో గాఢత, సమయం గీత కింది వైశాల్యాలను) డోస్‌తో భాగించి పోల్చండి. పెద్ద డోస్ దగ్గర ఆ విలువ పెరిగితే, ఆ రసాయనాన్ని తొలగించే ఎంజైములు తట్టుకోలేకపోతున్నాయేమో చూడాలి.

మగ, ఆడ తేడాను తేలిగ్గా తీసుకోకండి. ఎలుకల కాలేయంలో కొన్ని సైటోక్రోమ్ ఎంజైములు (రసాయనాలను మార్చేవి, పేర్లు సీవైపీతో మొదలవుతాయి) మగవాటిలో, కొన్ని ఆడవాటిలో మాత్రమే బలంగా ఉంటాయి. సీవైపీ2సీ11 మగ ఎలుకది, సీవైపీ2సీ12 ఆడ ఎలుకది. విషప్రభావ అధ్యయనంలో ఏ లింగం ఎక్కువ దెబ్బతిందో దాన్ని ఇక్కడ తప్పక పెట్టండి.

నేను వేసే గుంపులు ఇవి:

1. పైలట్: రెండు జంతువులు. ఊపిరిలో రేడియోధార్మికత వస్తుందా, ఎన్ని రోజులు పట్టాలి అన్నది తేల్చడానికి.
2. మొత్తం లెక్క గుంపు: మూత్రం, మలం, ఊపిరి, చివర్లో కణజాలాలు.
3. రక్తం గుంపు.
4. పైత్యరస నాళానికి గొట్టం అమర్చిన గుంపు.
5. సిరలోకి ఇచ్చే గుంపు, పోలిక కోసం.
6. పదే పదే డోస్ ఇచ్చే గుంపు.

రక్తం గుంపుకు ముందే లెక్క వేసుకోండి. ఎలుకలో కిలోకు సుమారు 64 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. 250 గ్రాముల ఎలుకలో అది 16 మిల్లీలీటర్లు. అందులో పదో వంతు, అంటే 1.6 మిల్లీలీటర్లకు మించి తీయకూడదు. పది సమయాల్లో రక్తం తీయాలంటే ఒక్కోసారి 0.15 మిల్లీలీటర్లే దొరుకుతుంది. మీ పరికరం అంత చిన్న శాంపిల్‌లో కొలవగలదా అన్నది ముందే చూసుకోవాలి.

ఆరో గుంపును చాలామంది ఖర్చు పేరుతో వదిలేస్తారు. రబ్బరు రసాయనాల విషయంలో దాన్ని వదలకండి. కార్బన్ డైసల్ఫైడ్ విడుదల చేసేవి సీవైపీ2ఈ1 ఎంజైమును పని చేయకుండా చేస్తాయి. థైరామ్ రకం అణువులు ఆల్డిహైడ్ డీహైడ్రోజనేజ్‌ను కూడా ఆపుతాయి. మొదటి డోస్ నాటి ఎలుక, పదో డోస్ నాటి ఎలుక ఒకేలా ప్రవర్తించవు.

## 5. మార్గం ఎంచుకోండి

నోటి ద్వారా: గొట్టంతో కడుపులోకి ఇవ్వడం. ఖాళీ కడుపా, కాదా అన్నది అన్ని జంతువులకూ ఒకేలా ఉండాలి.

చర్మం ద్వారా: ఓఈసీడీ 427 పద్ధతి. ఒక రోజు ముందే వెంట్రుకలు కత్తిరించండి, గీతలు పడకూడదు. సుమారు 10 చదరపు సెంటీమీటర్ల భాగం చాలు. పైన రక్షణ కవచం తప్పనిసరి. ఎలుక ఒళ్లు నాకుతుంది, కవచం లేకపోతే మీ చర్మ అధ్యయనం నోటి అధ్యయనంగా మారిపోతుంది. ఆవిరయ్యే పదార్థమైతే కవచం లోపల చార్‌కోల్ ఫిల్టర్ పెట్టండి. చివర్లో కడిగిన నీరు, కవచం, చర్మం పైపొర, కింది చర్మం అన్నీ విడివిడిగా లెక్కించండి. పైపొరలో ఇరుక్కున్నదాన్ని శోషణ అయినట్టు లెక్కిస్తారా, లేదా అన్నది ముందే రాసి పెట్టుకోండి. ఫలితం చూశాక తేల్చుకోకూడదు.

గాలి ద్వారా: బ్యూటాడైన్, స్టైరీన్ లాంటి మోనోమర్లకు (రబ్బరు పెద్ద అణువును కట్టే చిన్న అణువులకు) ఇదే సరైన దారి. ముక్కుకు మాత్రమే గాలి అందే పద్ధతి వాడితే బొచ్చు మీద పడి తర్వాత నాకడం తగ్గుతుంది. రక్తం శాంపిల్ ఎక్స్‌పోజర్ నడుస్తుండగానే తీయాలి. జంతువును బయటికి తీసి పది నిమిషాలు ఆగితే ఆవిరయ్యే పదార్థం చాలా వరకు ఊపిరితో పోయి ఉంటుంది. చిట్టెలుకలకు ఆవిరి మంట పుట్టిస్తే ఊపిరి తగ్గించేస్తాయి. కాబట్టి గాలిలో గాఢతతో పాటు నిమిషానికి పీల్చే గాలిని కూడా కొలవండి.

## 6. గాలి ట్రాపులు: లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే

మూత్రం, మలం విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఊపిరిని మాత్రం "కార్బన్ డయాక్సైడ్ ట్రాప్ (ఊపిరిలోని వాయువును పట్టే పాత్ర) పెట్టాం" అని వదిలేస్తారు. డైథయోకార్బమేట్లతో అది పనికిరాదు.

కార్బన్ డయాక్సైడ్ పట్టడానికి మనం వాడేది ఇథనోలమీన్ లేదా క్షార ద్రావణం. కార్బన్ డైసల్ఫైడ్ అమీన్లతో చర్య జరిపి మళ్లీ డైథయోకార్బమేట్ అవుతుంది. అంటే ముందు చార్‌కోల్ లేకపోతే కార్బన్ డైసల్ఫైడ్ కూడా ఆ ట్రాపులోనే చిక్కుతుంది. మీరు దాన్ని కార్బన్ డయాక్సైడ్ అని రాసేస్తారు. జీవక్రియ బొమ్మ మొత్తం తలకిందులవుతుంది.

గాలి వెళ్లే వరుస ఇలా ఉండాలి:

1. కేజ్ నుంచి వచ్చే గాలి తేమను పీల్చే గొట్టం గుండా వెళ్లాలి. తేమ తగిలితే చార్‌కోల్ సామర్థ్యం పడిపోతుంది.
2. మొదటి చార్‌కోల్ గొట్టం.
3. రెండో చార్‌కోల్ గొట్టం, మొదటిది నిండి దాటిపోయిందేమో చూడటానికి.
4. ఇథనోలమీన్ ట్రాప్, దాని వెనక మరొకటి.
5. చివర్లో గాలి ప్రవాహం కొలిచే మీటర్.

జంతువులు లేకుండా ఒకసారి నడిపి చూడండి. కేజ్‌లోకి తెలిసినంత లేబుల్ చేసిన కార్బన్ డైసల్ఫైడ్ వదిలి, ఎంత తిరిగి పట్టుకోగలిగారో కొలవండి. నూటికి తొంభై కూడా తిరిగి రాకపోతే ఎలుకలకు డోస్ ఇవ్వకండి. ముందు లీకు వెతకండి.

## 7. సేకరణ

ఎలుకలు తమ మలాన్ని తామే తింటాయి. జాలి అడుగున్న మెటబాలిజం కేజ్ వల్ల ఇది తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. డోస్‌కు ముందే ఆ కేజ్‌కు అలవాటు చేయండి. కొత్త కేజ్‌లో బెదిరిన ఎలుక సరిగా తినదు, తాగదు. మూత్రం లెక్క మొదటి రోజే పాడవుతుంది.

- మూత్రం: మొదటి రోజు కనీసం రెండుసార్లు, అందులో ఒకటి 24 గంటల దగ్గర. ఆ తర్వాత రోజుకోసారి.
- మలం: రోజుకోసారి.
- ఊపిరి ట్రాపులు: మొదటి రోజు తరచుగా మార్చాలి.
- ఇచ్చిన డోస్‌లో 95 శాతం బయటికి వచ్చే దాకా లేదా 7 రోజులు, ఏది ముందైతే అది.
- మూత్రం పట్టే పాత్ర మంచు మీద, వెలుతురు తగలకుండా ఉండాలి. గది వేడిలో ఉంచితే కొన్ని గ్లూకురోనైడ్లు విడిపోతాయి, మీరు అసలు అణువే వచ్చిందనుకుంటారు.
- ప్రతిసారీ కేజ్‌ను నీళ్లతో, చివరి రోజు మిథనాల్ లాంటి ద్రావకంతో కూడా కడగండి. కొవ్వులో కరిగే పదార్థాలు నీళ్లకు లొంగవు.

చివరి రోజు తీయాల్సినవి: కాలేయం, కొవ్వు, మూత్రపిండాలు, ప్లీహం, జీర్ణనాళం, దానిలోని పదార్థం విడిగా, పూర్తి రక్తం, మిగిలిన కళేబరం. వీటికి తోడు మొదటి మెట్టులో మీరు గుర్తించిన ప్రత్యేక అవయవం. థైరాయిడ్ చాలా చిన్నది. దాన్ని కళేబరంతో కలిపేస్తే అందులోని ఎక్కువ గాఢత లెక్కలో కనబడకుండా పోతుంది.

## 8. రక్తం శాంపిల్: మొదటి నిమిషంలోనే సీల్ వేయాలి

ఎంబీటీ, డైథయోకార్బమేట్ల లాంటి థయోల్ అణువులు గొట్టంలోనే మారిపోతాయి. గాలి తగిలితే ఎంబీటీ జతకట్టి ఎంబీటీఎస్ అవుతుంది. మరోవైపు రక్తంలోని గ్లుటాథయోన్ అనే థయోల్ అణువు ఎంబీటీఎస్‌ను మళ్లీ ఎంబీటీగా విడగొడుతుంది. అరగంట తర్వాత కొలిచే నిష్పత్తి మీ గొట్టానిది, ఎలుకది కాదు.

దీనికి పరిష్కారం ఉంది. రక్తం తీసే గొట్టంలో ముందే ఎన్-ఇథైల్‌మాలియమైడ్ వేసి ఉంచండి. అది స్వేచ్ఛగా ఉన్న థయోల్‌ను అక్కడికక్కడే పట్టి ఉంచుతుంది. వెంటనే మంచులో పెట్టి, చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ఈ పద్ధతి పనిచేస్తోందని చూపడానికి ఖాళీ రక్తంలో తెలిసినంత ఎంబీటీ, ఎంబీటీఎస్ విడివిడిగా కలిపి పరీక్షించాలి.

ఇంకో సంగతి. ప్లాస్మాను మాత్రమే కౌంట్ చేసి ఆగకండి. ఎర్ర రక్తకణాలను కూడా కౌంట్ చేయండి. లేబుల్ చేసిన ఎంబీటీ ఇచ్చిన ఎలుకల్లో కొద్ది భాగం ఎర్ర కణాలకు అంటుకుని కొన్ని రోజుల దాకా నిలుస్తుంది. ఎలుక హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు 125వ స్థానంలో చురుకైన సిస్టీన్ (థయోల్ ఉన్న అమైనో ఆమ్లం) ఉంది. మనిషి హిమోగ్లోబిన్‌లో ఆ చోట సిస్టీన్ లేదు. సల్ఫర్ అణువు ఎలుక రక్తంలో నిలిచిందని మనిషి రక్తంలోనూ నిలుస్తుందని రాయకండి. అది అంటుకున్న తీరు డైసల్ఫైడా, కాదా అన్నది తేలికగా తెలుస్తుంది. డైథయోథ్రైటాల్ కలిపితే డైసల్ఫైడ్ అయితే విడిపోతుంది.

## 9. కౌంటింగ్, మొత్తం లెక్క

మూత్రం నేరుగా సింటిలేషన్ ద్రవంలో (రేడియోధార్మికత తగిలితే వెలుగునిచ్చే ద్రవంలో) కౌంట్ చేయవచ్చు. మలం, రక్తం, కణజాలాలను ఆరబెట్టి కాల్చి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను కౌంట్ చేయాలి. క్వెంచింగ్ (శాంపిల్ ఆ వెలుగును తగ్గించడం) సవరణ, కాల్చే యంత్రం సామర్థ్యం ప్రతిరోజూ చూసుకోండి.

మొత్తం 90 శాతం దాటితే లెక్క కుదిరినట్టు. కుదరకపోతే ఎలా వెతకాలో ఒక ఊహా ఉదాహరణతో చెబుతాను. థయోకార్బొనిల్ లేబుల్ ఉన్న థైరామ్‌కు ఈ అంకెలు వచ్చాయనుకుందాం: మూత్రం 41, కేజ్ కడుగు 4, మలం 14, ఇథనోలమీన్ ట్రాప్ 11, మొదటి చార్‌కోల్ 5, కళేబరం 4. మొత్తం 79.

మిగిలిన 21 కోసం ఈ వరుసలో వెతకండి:

1. సిరంజి బరువులు. డోస్ నిజంగా 100 వెళ్లిందా?
2. రెండో చార్‌కోల్. దానిలో కౌంట్ ఉంటే మొదటిది నిండిపోయింది.
3. కేజ్ తలుపు తీసిన సమయాలు. మొదటి ఆరు గంటల్లో ఎన్నిసార్లు తీశారు?
4. చార్‌కోల్ నుంచి తిరిగి రాబట్టిన సామర్థ్యం. ద్రావకం సరిగా లాగకపోతే పట్టినది కూడా కనిపించదు.
5. మలం పూర్తిగా నలిగిందా? ఒకే మలం నుంచి తీసిన మూడు శాంపిళ్లు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే నలగలేదు.
6. కళేబరం. మొత్తం కరిగించారా, ముక్క తీశారా?

ఇలాంటి అణువుకు నా మొదటి అనుమానం ఎప్పుడూ రెండో, మూడో అంశాల మీదే. తక్కువ వచ్చిన మొత్తాన్ని 100కు సర్దేసి శాతాలు పెంచి రాయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. పోయిన భాగం అన్ని దారుల నుంచీ సమానంగా పోయి ఉండదు.

## 10. శోషణ శాతం లెక్క

మలంలో కనిపించినదంతా శోషణ కానిది అనుకోవడం అన్నిటికంటే సాధారణమైన తప్పు. కాలేయం దాన్ని పైత్యరసంలో మళ్లీ పేగులోకి వదిలి ఉండవచ్చు. ఎలుకకు పిత్తాశయం లేదు, పైత్యరసం ఆగకుండా కారుతూనే ఉంటుంది. అణుభారం సుమారు 325 దాటిన సంయోగాలు ఎలుకలో పైత్యరసం దారి పట్టే అవకాశం ఎక్కువ. ఎంబీటీ అణుభారం 167 మాత్రమే. గ్లూకురోనైడ్ కలిస్తే 343 అవుతుంది.

పైత్యరస నాళానికి గొట్టం ఉన్న గుంపులో సూత్రం ఇది: మూత్రం, పైత్యరసం, ఊపిరి, జీర్ణనాళంలోని పదార్థం తీసేసిన కళేబరం, ఈ నాలుగూ కలిపి ఇచ్చిన డోస్‌తో భాగించాలి.

మరో ఊహా ఉదాహరణ. మామూలు ఎలుకలో మూత్రం 55, మలం 36 వచ్చాయి. మూత్రం మాత్రమే చూస్తే శోషణ సగం దాకా అనిపిస్తుంది. గొట్టం పెట్టిన ఎలుకలో కేజ్ కడుగుతో కలిపి మూత్రం 45, పైత్యరసం 32, ఊపిరి 3, కళేబరం 5. అంటే శోషణ 85 శాతం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైత్యరసాన్ని బయటికి తీసేస్తే పేగులో పైత్య లవణాలు ఉండవు. 6పీపీడీ లాంటి కొవ్వులో కరిగే పదార్థాల శోషణ తగ్గిపోతుంది. అందుకే డుయోడినమ్‌లోకి (చిన్నపేగు మొదటి భాగంలోకి) టారోకొలేట్ లాంటి పైత్య లవణం నెమ్మదిగా ఎక్కించండి.

శోషణ, జీవలభ్యత ఒకటి కావు. రేడియోధార్మికత ఏయూసీతో లెక్కిస్తే మొత్తం ముక్కలన్నీ కలిసి వస్తాయి. మారని అసలు అణువు ఏయూసీతో లెక్కిస్తే వచ్చేది జీవలభ్యత. ఎంబీటీఎస్‌కు మొదటిది ఎక్కువగా, రెండోది దాదాపు ఏమీ లేకుండా ఉండవచ్చు. రెండూ నిజమే.

## 11. మెటబొలైట్లను గుర్తించడం

డోస్‌లో 5 శాతం, అంతకు మించి ఉన్న ప్రతి మెటబొలైట్‌నూ గుర్తించాలి. పని క్రమం:

1. ఒకే గుంపు శాంపిళ్లను వచ్చిన పరిమాణాల నిష్పత్తిలో కలపండి, సమానంగా కాదు.
2. మలం నుంచి ద్రావకంతో ఎంత బయటికి వచ్చిందో రాయండి. రాని భాగం ఎంతో కూడా రాయండి.
3. హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌లోకి వెళ్లిన కౌంట్, బయటికి వచ్చిన కౌంట్ సరిపోవాలి. థయోల్ ముక్కలు కాలమ్‌లో ఇరుక్కుంటాయి.
4. ఎంజైముతో విడగొట్టి చూడండి. ఈ.కోలై గ్లూకురోనిడేజ్ గ్లూకురోనైడ్లను విడగొడుతుంది. నత్త నుంచి తీసే ఎంజైము సల్ఫేట్లను కూడా విడగొడుతుంది. పక్కనే సాకరోలాక్టోన్ కలిపిన కంట్రోల్ పెట్టండి, అది గ్లూకురోనిడేజ్‌ను ఆపుతుంది. మార్పు రాలేదంటే సంయోగం లేదని రుజువైనట్టు కాదు. అన్ని సల్ఫర్ గ్లూకురోనైడ్లూ ఒకే వేగంతో విడిపోవు.
5. మాస్ స్పెక్ట్రోమెట్రీలో గ్లూకురోనైడ్‌కు 176, సల్ఫేట్‌కు 80, గ్లుటాథయోన్ సంయోగాలకు 129 తగ్గడం వెతకండి. సల్ఫర్ ఉన్న అణువుకు రెండు యూనిట్లు పైన, ఒక్కో సల్ఫర్‌కు సుమారు 4.4 శాతం ఎత్తుతో చిన్న శిఖరం కనిపిస్తుంది. ఏ ముక్కలో సల్ఫర్ మిగిలిందో చెప్పే చవకైన ఆనవాలు అది.
6. చివరిగా, ప్రామాణిక నమూనాతో సరిపోల్చండి.

2-నాఫ్తైలమీన్, నైట్రోసమీన్ల (అమీన్ల నుంచి పుట్టే ప్రమాదకర పదార్థాల) లాంటివి 5 శాతం హద్దుకు ఎంతో కింద ఉంటాయి. ప్రమాదకరమైన ముక్క వచ్చే అవకాశం మొదటి బొమ్మలోనే కనిపిస్తే, దానికి ప్రత్యేకంగా సున్నితమైన పద్ధతి పెట్టాలి. శాతం తక్కువని వదిలేయడానికి వీల్లేదు.

## 12. నివేదిక రాసేముందు జాతుల తేడా చూసుకోండి

- బ్యూటాడైన్: ఒకే గాఢత పీల్చినా చిట్టెలుక రక్తంలో డైఎపాక్సైడ్ (దాని నుంచి ఒంట్లో పుట్టే మెటబొలైట్) ఎలుకలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చిట్టెలుకలు అంత సులభంగా క్యాన్సర్ బారిన పడటానికి ముఖ్యమైన కారణంగా దీన్నే చూస్తారు.
- స్టైరీన్: చిట్టెలుక ఊపిరితిత్తుల్లో సీవైపీ2ఎఫ్2 బలంగా ఉంటుంది. అక్కడ కణితులు వచ్చేది చిట్టెలుకల్లోనే, ఎలుకల్లో కాదు.
- 2-నాఫ్తైలమీన్: కుక్కల్లో మూత్రాశయ క్యాన్సర్ తెస్తుంది. ఎలుకలు దీనికి చాలా వరకు తట్టుకుంటాయి. ఎలుకలో ఏమీ రాలేదన్నది ఇక్కడ భరోసా కాదు.
- చర్మం: ఎలుక చర్మం సాధారణంగా మనిషి చర్మం కంటే ఎక్కువ లోపలికి వదులుతుంది. ఎలుక, మనిషి చర్మాలు రెండింటినీ ఓఈసీడీ 428 పద్ధతిలో గాజు సెల్‌లలో (చర్మపు ముక్కను బిగించే చిన్న పాత్రల్లో) పోల్చి, ఆ నిష్పత్తితో ఎలుక ఫలితాన్ని సవరించండి.
- ఎంబీటీ: అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2ఎ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువ ఉన్న వర్గంలో పెట్టింది. ఫ్యాక్టరీ కార్మికుల మూత్రంలో దీన్ని కొలిచేవాళ్లు మీరు గుర్తించిన సంయోగాల జాబితానే ఆధారంగా తీసుకుంటారు. అందుకే ఆ పట్టికలో ప్రతి మెటబొలైట్ పక్కన మూడు గడులు పెట్టండి: ఏ లేబుల్‌తో కనిపించింది, ఎంజైముతో విడిపోయిందా, ప్రామాణిక నమూనాతో సరిపోయిందా. మూడో గడి ఖాళీగా ఉంటే దాని పేరు పక్కన "తాత్కాలికం" అని రాయండి.